గీత అందిందా లేదా? ముందు అది చెప్పు

ప్రశ్న: అక్కా, మాది కుప్పం దగ్గర పల్లెటూరు. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొన్నాను. కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్, కాలేజీ పోటీలు ఎక్కడ జరిగినా వెళ్లి ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటాను. ఫొటోలు బాగున్నాయనే అంటారు. క్యాప్షన్ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. 'నెవర్ గివ్ అప్', 'లేడీ టైగర్', 'పోరాటమే ముఖ్యం', ఇవి తప్ప ఏమీ తట్టవు. మా పీఈటీ సార్ కాలేజీ మ్యాగజైన్‌కూ పేపర్‌కూ కొన్ని ఫొటోలు అడిగితే పంపాను. పేపర్లో పనిచేసే ఆయన చూసి, 'క్యాప్షన్ లేకుండా పంపినట్టే ఉంది కదబ్బా' అన్నాడు. మూడు ఫొటోలు మీకూ పంపుతున్నాను. జనం ఆగి చదివేలా క్యాప్షన్ రాయడం ఎలా? తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?
— ఒక విద్యార్థి, తిరుపతి

సమాధానం:

తమ్ముడూ, మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. మొదటిది కబడ్డీ. రైడర్ మ్యాట్ మీద బోర్లా పడి ఉన్నాడు. ముగ్గురు డిఫెండర్లు అతని కాళ్లూ నడుమూ పట్టుకుని వేలాడుతున్నారు. అతని వేళ్లు మధ్య గీతకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. చాలా మంచి ఫొటో. దాని కింద నువ్వు రాసింది, 'గెలుపోటములు కాదు, పోరాటమే ముఖ్యం'.

ఇంతకీ గీత అందిందా లేదా?

అందితే పట్టుకున్న ముగ్గురూ ఔట్, మూడు పాయింట్లు, సూపర్ రైడ్. అందకపోతే ఔటయ్యేది అతనే, పాయింటు అవతలి జట్టుకు. ఆట తెలిసినవాడు ఆ ఫొటో చూడగానే అడిగేది ఇదే. తెలియనివాడికి కూడా తర్వాత ఏమైందోనన్న ఆత్రం పుడుతుంది. నువ్వు అక్కడే ఉన్నావు, చూశావు. మేం చూడలేదు. చూసినవాడివి ఆ ఒక్క ముక్కా మింగేసి మాకు నీతివాక్యం వినిపించావు. జనం ఆగడం లేదంటే నీకు భాష రాక కాదు. వాళ్లకు కావలసిన సంగతి అక్కడ లేదు, అంతే.

నువ్వు షట్టర్ వేగం ఎంత పెట్టి తీశావో తెలియదు గానీ, ఆటల ఫొటోలో ఉండేది సాధారణంగా సెకనులో ఏ వెయ్యో వంతో. దానికి ముందు జరిగింది అందులో ఉండదు, తర్వాత జరిగింది ఉండదు. స్కోరు ఉండదు, ఎన్నో నిమిషమో ఉండదు, పేర్లు ఉండవు. ఆ లేనివాటిలో ఏది ముఖ్యమో ఎంచి చెప్పడానికే క్యాప్షన్. 'గాల్లోకి ఎగిరి బంతిని అందుకుంటున్న ఆటగాడు' అని రాశావనుకో, ఎగరడమూ బంతీ మాకు కనిపిస్తూనే ఉన్నాయి. అది ఫొటోకు ప్రతిధ్వని. కాబట్టి రాయడానికి కూర్చున్నప్పుడు మంచి మాట కోసం వెతక్కు. ఈ ఫొటో చూసినవాడు మొట్టమొదట ఏమడుగుతాడో చూసుకుని దానికి జవాబు రాయి.

పెద్ద ఫొటోలను కూడా ఈ లెక్కన ఒకసారి చూడు. 1984 ఆగస్టు 8, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ముగింపు గీత దగ్గర పి.టి.ఉష, రొమేనియాకు చెందిన క్రిస్టినా కొజొకారు దాదాపు కలిసే వచ్చారు. పతకం ఎవరిదో కంటితో చెప్పడం కష్టం. కొజొకారు 55.41 సెకన్లు, ఉష 55.42. కాంస్యం సెకనులో వందో వంతు తేడాతో పోయింది. ఉషకు ఎన్ని బిరుదులు తగిలించినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టినంత బాధ కలగదు. బాక్సర్ మహమ్మద్ అలీ కిందపడ్డ ప్రత్యర్థి సోనీ లిస్టన్ మీద నిలబడి చేయి మడిచి గద్దిస్తున్న ఫొటో నువ్వు ఎక్కడో ఒకచోట చూసే ఉంటావు. అది చూస్తే భీకరంగా సాగిన పోరు అనిపిస్తుంది. 1965 మే 25న జరిగిన ఆ పోటీ మొదటి రౌండ్‌లోనే అయిపోయింది. ఆ మాట చదివాక మళ్లీ ఫొటో చూస్తావా లేదా?

మన రాష్ట్రం కుర్రాడి సంగతి చూద్దాం. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్ స్టాండ్స్‌లో కన్నీళ్లు పెట్టుకున్న ఒక తండ్రి ఫొటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పేరు లేకపోతే ఆయన ఎవరో ప్రేక్షకుడు. నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి అని చెబితే సగం అర్థమవుతుంది. కొడుకు 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడిందనీ, ఆఖరి బ్యాటర్ సిరాజ్ కమిన్స్ ఓవర్లో మూడు బంతులు కాచుకున్నాడనీ, తర్వాత బోలండ్ బంతిని ఫోర్ కొట్టి నితీశ్ తొలి టెస్టు సెంచరీ చేశాడనీ చెబితే ఆ కన్నీళ్లు మనవీ అవుతాయి. ఇందులో 'భావోద్వేగం' అన్న మాట నేనెక్కడా వాడలేదు చూడు.

ఇక నీ రెండో ఫొటో, ఖోఖో. ఛేజర్ పోల్ చుట్టూ వంగి డైవ్ చేస్తోంది, ఫ్రేమ్ చివర్లో రన్నర్ వీపు కనిపిస్తోంది. క్యాప్షన్ 'లేడీ టైగర్'. దీన్ని నీ మొదటి ఫొటో కింద పెట్టు, 'లేడీ' తీసేస్తే సరిపోతుంది. మీ కాలేజీ వెయిట్‌లిఫ్టర్ కింద పెట్టు, సరిపోతుంది. ఏ ఫొటో కింద పెట్టినా అతికే క్యాప్షన్ ఏ ఫొటోదీ కాదు. పోస్ట్ చేసే ముందు ఈ పరీక్ష ఒక్కటి పెట్టుకుంటే నీ పేజీలో ముప్పావు వంతు క్యాప్షన్లు అక్కడే ఆగిపోతాయి. (అబ్బాయిల ఫొటోల కింద 'మగ పులి' అని ఎవరూ రాయరెందుకో!) ఆ అమ్మాయి వేళ్లు రన్నర్‌కు తగిలాయా? ఆ రన్నర్ అప్పటికి ఎంతసేపటి నుంచి దొరక్కుండా తిరుగుతోంది? ఖోఖోలో ఆ సమయం స్కోరు షీటులో రాస్తారు, అడిగితే చూపిస్తారు. 'రెండు నిమిషాలు దొరకని రన్నర్‌ను పోల్ డైవ్‌తో ఔట్ చేస్తున్న ఫలానా' అని రాశావంటే ఆ డైవ్‌కు విలువ వస్తుంది. అంకె మాత్రం నిజంగా షీటులో ఉన్నదే రాయాలి. నేను నోటికొచ్చింది వేశాను.

మూడోది నన్ను బాగా నవ్వించింది. పరుగు పూర్తయ్యాక ట్రాక్ మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్న కుర్రాడు. 'ఓటమి గెలుపుకు తొలిమెట్టు' అన్నావు. నీ పేజీలోనే రెండు పోస్టుల తర్వాత అదే కుర్రాడు మెడలో పతకం వేసుకుని నవ్వుతున్నాడు! ఆయాసంతో కూర్చున్నవాణ్ని నువ్వు ఓడించేశావు. ముఖంలో కనిపించేదాన్ని బట్టి మనసులో ఏముందో రాయడం ఆటల ఫొటోల్లో పెద్ద ప్రమాదం. చెమటా కన్నీళ్లూ ఒకలాగే మెరుస్తాయి. గెలిచినవాళ్లు ఏడుస్తారు, ఓడినవాళ్లు ఒక్కోసారి పగలబడి నవ్వుతారు. దెబ్బ తగిలి పడిపోయిన ఆటగాడి ఫొటో కింద 'కాలు విరిగిన' అని రాసేముందు డాక్టరో కోచో ఆ మాట అన్నారా అని చూసుకో. వాళ్ల అమ్మానాన్నలు ఆ పోస్ట్ ఫోన్‌లో చూసి ఊళ్లో గుండెలు బాదుకుంటే ఎవరు జవాబు చెబుతారు? కనిపించినంతవరకే రాయి: 'డిఫెండర్‌ను ఢీకొని పడిపోయిన రైడర్‌ను బయటికి తీసుకెళుతున్న సహచరులు'. తర్వాత మళ్లీ ఆడితే ఆ మాట కూడా కలుపు. ఆడలేకపోతే అదీ చెప్పు.

నీ అసలు చిక్కు ఎక్కడుందో ఇప్పుడు తెలిసిందనుకుంటా. రాత్రి హాస్టల్ గదిలో ఫొటోలు దింపుకుని, అప్పుడు క్యాప్షన్ కోసం తల పట్టుకుంటున్నావు. అప్పటికి నీ దగ్గర మిగిలినవి ఫొటోలు మాత్రమే. పేర్లు లేవు, స్కోరు గుర్తులేదు, అది మొదటి సగమో రెండో సగమో కూడా తెలియదు. చేతిలో సమాచారం లేనప్పుడే 'నెవర్ గివ్ అప్' వస్తుంది. రేపటి నుంచి జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకో. మ్యాచ్ మొదలవకముందే స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి రెండు జట్ల లిస్టునూ ఫోన్‌తో ఫొటో తీసుకో. జట్లు వరుసగా నిలబడి పరిచయం చేసుకునేటప్పుడు జెర్సీ నంబర్లు కనిపించేలా ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీసుకో. తర్వాత ఏ కాలో ఏ చెయ్యో మాత్రమే కనిపించే ఫొటోలో మనిషిని పోల్చుకోవడానికి బూట్ల రంగూ మోకాలి పట్టీ కూడా పనికొస్తాయి.

మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. పండగకు ఊళ్లలో జరిగే పోటీల్లో ఒకే నంబర్ ఇద్దరి వీపు మీద ఉండొచ్చు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు బయటికెళ్లినవాడి జెర్సీనే తొడుక్కుని దిగొచ్చు. కాబట్టి నంబర్‌ను నమ్మి పేరు రాసేయకు. మ్యాచ్ అయ్యాక కెమెరా తెర మీద ఆ ఫొటో చూపించి 'ఇది నువ్వేనా అన్నా?' అని అడుగు. సంతోషంగా చెబుతారు, ఫొటో పంపమని నంబర్ కూడా ఇస్తారు. పేరు మాత్రం వాళ్ల చేతే నీ పుస్తకంలో తెలుగులో రాయించుకో. స్కోరు షీట్లు ఇంగ్లీషులో ఉంటాయి, అందులో ల, ళ తేడా ఉండదు, న, ణ తేడా ఉండదు. పైగా మన చిత్తూరు వైపు తమిళ సంప్రదాయంలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెట్టుకునేవాళ్లు చాలామంది. దాన్ని ఇంటిపేరు అనుకుని సాగదీస్తే మనిషే మారిపోతాడు. అథ్లెటిక్స్‌లో ఈ బాధ కొంత తక్కువ. తారకరామ స్టేడియంలో యూనివర్సిటీ మీట్ అయితే చెస్ట్ నంబర్ ఉంటుంది, స్టార్ట్ లిస్ట్ ఉంటుంది. ఆ లిస్ట్ కాపీ సంపాదించావంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకో చిన్న ఉపాయం. కెమెరా గడియారాన్ని ఫోన్ గడియారంతో కలుపుకో. ముఖ్యమైన రైడో గోలో అయిపోగానే స్కోరు బోర్డును ఒక ఫొటో తీయి. రాత్రి ఫొటోలు వరుసగా చూస్తుంటే, బోర్డు ఫొటోకు ముందున్న పదీ పదిహేనూ ఏ స్కోరు దగ్గరివో తెలిసిపోతుంది. బోర్డు లేని చోట స్కోరర్ పుస్తకమే బోర్డు.

ఎవరి పేర్లు రాయాలన్నది తర్వాతి ప్రశ్న. ముఖం స్పష్టంగా కనిపించే ప్రతి ఒక్కరి లెక్కా చెప్పాలి. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్ పతక వేదిక ఫొటో నీకు తెలిసే ఉంటుంది. 200 మీటర్ల పరుగులో మొదటి, మూడో స్థానాల్లో వచ్చిన అమెరికన్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్ల గ్లవ్స్ తొడిగిన పిడికిళ్లు పైకెత్తి తలలు దించుకున్న ఫొటో. వాళ్ల ముందు రజతం మెట్టు మీద ఒక తెల్లజాతి కుర్రాడు నిటారుగా నిలబడి ఉంటాడు. చాలా చోట్ల అతని ప్రస్తావనే ఉండదు. చూసేవాళ్లు అతనికి ఈ నిరసనతో సంబంధం లేదనుకుంటారు. అతను ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్. మిగతా ఇద్దరి లాగే మానవ హక్కుల ఉద్యమ బ్యాడ్జి ఛాతీ మీద పెట్టుకునే వేదిక ఎక్కాడు. ఒక పేరు వదిలేసినందుకు ఫొటో అర్థమే మారిపోయింది. నీ కబడ్డీ ఫొటోలో కూడా ఆ ముగ్గురు డిఫెండర్లలో ఇద్దరి ముఖాలు చక్కగా పడ్డాయి. వాళ్లకూ పేర్లున్నాయి. 'ఎడమ నుంచి' అని మొదలుపెట్టి రాసేయి. రెండో జట్టువాళ్లు కూడా నీ పేజీ చూస్తారు, షేర్ చేస్తారు. మన కాలేజీ, మన కాలేజీ అని రాసుకుంటే మీ హాస్టల్ దాటి పోదు.

వాక్యం కట్టడం దగ్గరికి వద్దాం. మన పత్రికల క్యాప్షన్ నీకు తెలిసిందే: 'తిరుపతిలోని తారకరామ స్టేడియంలో శుక్రవారం జరిగిన అంతర కళాశాలల కబడ్డీ పోటీల ఫైనల్లో ప్రత్యర్థి డిఫెండర్ల పట్టు నుంచి తప్పించుకునేందుకు ప్రయత్నిస్తున్న రైడర్'. రైడర్ దాకా వచ్చేసరికి చదివేవాడి కూత ఆగిపోతుంది. తీరా వస్తే అక్కడ పేరు కూడా లేదు! ఇంతకన్నా ఘోరం చివర్లో 'దృశ్యం' అని తగిలించడం. ఫొటో కింద 'దృశ్యం' అని రాయడం, ఇడ్లీ ప్లేటు మీద 'తినేది' అని రాసినట్టు ఉంటుంది.

అలాగని '-తున్న' పద్ధతిని తీసిపారేయకు. మన భాషలో అది మంచి సదుపాయం. పని ముందు చెప్పి మనిషిని చివర నిలబెట్టవచ్చు: 'ముగ్గురి పట్టులోంచి మధ్య గీత వైపు చేయి చాస్తున్న రైడర్ ఫలానా'. వాక్యం ఆగేచోట ఉన్న మాట చదివేవాడి మనసులో నిలుస్తుంది. ఇక్కడ నిలిచేది పేరు. అదే 'ఫలానా ముగ్గురి పట్టులోంచి సాగి గీత అందుకున్నాడు' అని రాస్తే నిలిచేది పని. ఎవరికీ తెలియని కొత్త కుర్రాడు మ్యాచ్ తిప్పేశాడా, పేరు చివర పెట్టు. అందరికీ తెలిసిన కెప్టెన్ ఎవరూ ఊహించని పని చేశాడా, పని చివర పెట్టు.

నాకు నచ్చిన అమరిక రెండు వాక్యాలది. మొదటిది ఫొటోలో జరుగుతున్నది, '-తున్న'తో. రెండోది దానికి ముందో తర్వాతో జరిగింది, 'వచ్చింది', 'గెలిచింది', 'ఓడిపోయారు' అన్న క్రియతో ముగించి. అంతర్జాతీయ వార్తాసంస్థలు కూడా దాదాపు ఇదే పద్ధతిలో మొదటి వాక్యం వర్తమానంలో, నేపథ్యం భూతకాలంలో రాస్తాయి. నీ ఫొటోకు నేనైతే ఇలా రాస్తాను: 'ఫైనల్ ఆఖరి నిమిషంలో ముగ్గురి పట్టులోంచి మధ్య గీత వైపు చేయి చాస్తున్న రైడర్ ఫలానా. గీత అందింది. ఆ మూడు పాయింట్లతోనే జట్టు తొలిసారి ఆధిక్యంలోకి వచ్చింది.' తేదీ, గ్రౌండ్, పోటీ పేరు చివర ఒక చిన్న ముక్కగా పెట్టు. అందకపోయి ఉంటే? 'గీత అందలేదు. ఆ పాయింటుతోనే ప్రత్యర్థి జట్టు కప్పు గెలిచింది.' నిజం చెప్పాలంటే ఈ రెండోదే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఓడినవాణ్ని ఓదార్చకుండా, ఎగతాళి చేయకుండా ఏం జరిగిందో చెప్పింది. అయితే నాకు నచ్చిందని అందినదాన్ని అందలేదని రాయకు!

విశేషణాల విషయంలో స్కోరు చూసి మాట్లాడు. 31–30తో గెలిచిన మ్యాచ్‌కు 'చిత్తు చేసిన' అని రాస్తే ఎవరు చిత్తయినట్టు? 'మట్టికరిపించిన', 'ఊచకోత', 'విధ్వంసం' లాంటివి మన స్పోర్ట్స్ పేజీల్లో అరిగిపోయాయి. అందులో ఇప్పుడు కబడ్డీ ఆడేది మ్యాట్ మీద, కరవడానికి మట్టి కూడా లేదు. 'డూ ఆర్ డై రైడ్', 'సూపర్ ట్యాకిల్', 'ఆలౌట్' మాత్రం ధైర్యంగా వాడుకో. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక ఇళ్లలో అమ్మమ్మలకు కూడా ఇవి తెలుసు. ఆ మాటలు సంగతి చెబుతాయి: సూపర్ ట్యాకిల్ అన్నావంటే అప్పటికి కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువ మందో మిగిలారని ఆట తెలిసినవాడికి అర్థమైపోతుంది.

నువ్వు అడగలేదు గానీ అతిథుల బాధ నీకూ తప్పదు. ఇందిరా మైదానమైనా, చిత్తూరు మెసానికల్ మైదానమైనా, తెల్లచొక్కా పెద్దమనుషులు మ్యాట్ ఎక్కి ఉత్తుత్తి కూత పెట్టే ఫొటో ఒకటి ఉండనే ఉంటుంది. దాన్నీ తీయి, వాళ్ల పేర్లూ హోదాలూ తప్పుల్లేకుండా రాసి నిర్వాహకులకు ఇచ్చేయి. కానీ ఆట ఫొటో కింద 'ఫలానా గారి సౌజన్యంతో, ఫలానా గారి అధ్యక్షతన' అని రాయమంటే ఒప్పుకోకు. సౌజన్యానికి బ్యానర్ ఉంది.

స్కూలు పిల్లల పోటీల్లో, అంటే అండర్ 14, అండర్ 17 లాంటి వాటిలో, పేరూ స్కూలూ చాలు. ఊరి వీధి, తల్లిదండ్రుల ఫోన్ వద్దు. పెట్టే ముందు వాళ్ల టీచర్‌ను ఒక మాట అడుగు. అమ్మాయిల ఆటల్లో జారిన బట్టలూ ఇబ్బందికరమైన భంగిమలూ ఉన్న ఫొటో ఎంత పదునుగా వచ్చినా పక్కన పెట్టేయి, దాన్ని ఏ క్యాప్షనూ కాపాడలేదు. పోస్ట్ పెట్టాక కింద కామెంట్లు కూడా నీ బాధ్యతే. పిచ్చివాటిని తీసేయడానికి మొహమాటపడకు.

సంక్రాంతి రోజుల్లో చంద్రగిరి మండలం రంగంపేట పశువుల పండుగకు కూడా కెమెరాతో వెళ్లే ఉంటావు. అక్కడా సూత్రం ఇదే. కొమ్ములకు కట్టిన పలక చేతికి దక్కిందా, ఎద్దు దాటిపోయిందా? చూసేవాడికి కావలసింది అదే. పాత ఫొటోలు పెట్టేటప్పుడు తేదీ తప్పకుండా వేయి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు తీసిన చంద్రగిరి ఫొటో అప్పటి చిత్తూరు జిల్లాది. ఇలాంటివి పట్టించుకునే పాఠకులు నువ్వనుకునేదానికన్నా ఎక్కువే.

ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి లైను కాస్త మాత్రమే కనిపిస్తుంది, మిగతాది 'మోర్' నొక్కితేనే. 2,200 అక్షరాల దాకా రాసుకోనిస్తారు గానీ అసలు ముక్క ముందే రావాలి. అందుకని పోటీ పేరుతో మొదలుపెట్టకు. నీ కబడ్డీ ఫొటోకు మొదటి లైనుగా 'గీత అందింది.' అని రెండే మాటలు పెట్టి, కింద పేర్లూ స్కోరూ రాయి. పంచ్ పంచ్ అంటారే, అదే పంచ్. హ్యాష్‌ట్యాగులు అన్నిటికన్నా చివర, ఊరి పేరూ ఆట పేరూ కాలేజీ పేరూ ఉంటే చాలు. పోస్ట్ సెట్టింగ్స్‌లో ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది. చూపులేనివాళ్లకు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. క్యాప్షన్‌లో రాయొద్దన్నానే, కనిపించేదాన్ని వర్ణించడం, అది అక్కడ రాయాలి: 'ఎర్ర జెర్సీ రైడర్ బోర్లా పడి ఉన్నాడు, ముగ్గురు అతని కాళ్లు పట్టుకున్నారు' అని.

ఏఐ యాప్‌ను అడిగి క్యాప్షన్ రాయించుకోవచ్చా అని ఎలాగూ అడుగుతావు. అచ్చుతప్పులు చూసిపెట్టమని ఇవ్వు, వాక్యం పొడవైతే కోయమను. గీత అందిందో లేదో దానికి తెలియదు. తెలియనప్పుడు అదీ నీలాగే 'పోరాటమే ముఖ్యం' అంటుంది.

భాష సంగతి. తెలుగులో రాయి. ఆడినవాళ్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ చదివేది అదే. బయటి రాష్ట్రాల జట్లు వచ్చిన పోటీ అయితే కింద ఇంగ్లీషులో ఒక లైను పెట్టు, అనువాదంలా కాకుండా పేర్లూ స్కోరూ మాత్రం. పేపర్‌కు పంపేది యూనికోడ్‌లో టైప్ చేయి. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించింది వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతల్లా వస్తుంది. ఫొటోను మామూలుగా వాట్సాప్ చేస్తే సైజు తగ్గిపోతుంది, ఫైల్ లోపల దాచిన వివరాలూ ఎగిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపు. కంప్యూటర్లో కొన్ని ఫొటో ఎడిటర్లు తెరిస్తే డిస్క్రిప్షన్ అనే గడి కనిపిస్తుంది, ఐపీటీసీ వివరాలు అంటారు. క్యాప్షన్, నీ పేరు, తేదీ, ఊరు అందులో నింపితే, డాక్యుమెంట్‌గా పంపినంతవరకు అవి ఫొటోతోనే ఉంటాయి. అయినా మెసేజ్‌లో క్యాప్షన్ విడిగా కూడా రాయి, డెస్క్‌లో ఫైల్ లోపలికి తొంగిచూసే తీరిక అందరికీ ఉండదు. మ్యాచ్ మధ్యాహ్నం అయిపోతే సాయంత్రానికే పంపు, జిల్లా పేజీలు ముందే మూసేస్తారు. ఆ మూడో ఫొటోలో కుర్రాడి పేరు మాత్రం పీఈటీ సార్‌ను అడిగి కనుక్కుని, ఏ పరుగులో ఎన్నో స్థానమో రాసి, పాత క్యాప్షన్ తీసేసి మళ్లీ పెట్టు.